తిరగబడ్డ పొరలు

బంగారు పూత ఉన్న వైపు ఫోమ్ తెల్లగా ఉంది. పసుప్పచ్చగా ఉండాలి.

భానుశ్రీ చేతిలోని ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. అరచేతంత ముక్క. పైన బంగారు పూత, దాని కింద ఫైబర్ గ్లాసు, తర్వాత తెల్ల ఫోమ్, ఆ తర్వాత పసుపు ఫోమ్, చివర మళ్లీ ఫైబర్ గ్లాసు. ఉండాల్సిన పొరలన్నీ ఉన్నాయి. మందాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. వరస ఒక్కటే తలకిందులయింది.

"గుర్తుగా పెట్టుకో భానూ," అన్నాడు ధర్మేంద్ర. "గుమ్మటం నడినెత్తిన లైటుకు బొక్క కొట్టినాం గదా, ఆ ముక్క అది. కావాలంటే నీ పేరు చెక్కించి ఇస్తా. షోకేసులో పెట్టుకుందువు."

ఇద్దరూ తిరుపతిలో ఇంజనీరింగు కలిసి చదివారు. తర్వాత ధర్మేంద్ర నాయుడుపేట దగ్గర బాహుదా కాంపోజిట్స్ అనే కంపెనీలో చేరాడు. భానుశ్రీ ప్రొఫెసర్ సుదర్శనం దగ్గర పీహెచ్‌డీకి కుదురుకుంది. మళ్లీ ఇద్దరినీ ఒకచోటికి తెచ్చింది ఈ గుమ్మటం. చంద్రగిరి దాటాక, హైవే పక్కన, మామిడి తోపుకు ముందు గిరిప్రసాద్ కట్టిస్తున్న కల్యాణ మండపం కప్పు అది. లోపల ఒక్క స్తంభం లేదు. అంత పెద్ద హాలునూ జానెడు మందం కూడా లేని పెంకు ఒక్కటే మోస్తుంది.

మోస్తుందని సంతకం పెట్టింది భానుశ్రీ.

ఆరోజు దానికి పరీక్ష. పైన ఇసుక మూటలు పేర్చి ఉన్నాయి. పదింటి ముహూర్తానికి కిందున్న ఇనుప జాకీలన్నీ తీసేస్తారు. ఆ తర్వాత ఆ గుమ్మటం కిందే మొదటి పంక్తి భోజనాలు. కొత్త కప్పు కింద ముందుగా దాన్ని కట్టిన పనివాళ్లకు వడ్డించడం గిరిప్రసాద్ వంశంలో ఆనవాయితీ. ఆయన తాత బెల్లం గానుగకు కొట్టం వేసినప్పుడు కూడా అట్లాగే చేశాడట.

ఆ పంక్తిలో మొదటి ఆకు చెంగయ్యది. అంటే భానుశ్రీ తండ్రిది. "గుమ్మటానికి లెక్క కట్టిన పాప నాయన మనకు పెద్ద దిక్కు" అని గిరిప్రసాద్ మనిషిని పంపి మరీ పిలిపించాడు. చెంగయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని పాకాల నుంచి తెల్లారేసరికే వచ్చి, హాలు మధ్యలో నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు.

"ధర్మా," అంది భానుశ్రీ. "దీన్ని ఏ మౌల్డులో పోసినారు? దిబ్బ మౌల్డా, గిన్నె మౌల్డా?"

"గిన్నెదే. నీకు చెప్పలా నేను? పెద్దాయన బయట పక్క అద్దం మాదిరి మెరవాలన్నాడు. హైవేలో పొయ్యే బస్సులోంచి జనం తలకాయలు బయటపెట్టి సూడాలంట. దిబ్బ మీద పోస్తే లోపలి పక్కే గదా నున్నగా వచ్చేది. అందుకని గిన్నె చేయించినాం."

"మరి పొరలు?"

"నువ్విచ్చిన వరసే. ఒకటి గూడా మార్చలా. ఒట్టు."

"మార్చాల్సింది," అంది భానుశ్రీ.

ధర్మేంద్రకు ముందు అర్థం కాలేదు. ఆమె చేతిలోంచి ముక్క తీసుకుని చూశాడు. బోర్లించిన కుండ మీద పొరలు పేర్చుకుంటూ పోతే మొదట వేసింది లోపలి వైపుకు వస్తుంది. అదే కుండ లోపల పేర్చితే మొదట వేసింది బయటి వైపుకు వస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చు మారింది. అచ్చు మీద ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస మాత్రం భానుశ్రీ దిబ్బ అచ్చుకు రాసిచ్చిందే. పనివాళ్లు దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించారు.

"అయ్యో," అన్నాడు ధర్మేంద్ర. ముక్కను తిరగేసి, "అయితే ఏమైంది భానూ? అవే పొరలు గదా? దోసెల దొంతర తిరగేస్తే దోసెలు తగ్గుతాయా?" అన్నాడు.

పాత లెక్కయితే అతని మాట నిజమే.

పొరలతో చేసిన పెంకు వంగినప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి జారాలని చూస్తాయి. పుస్తకాన్ని వంచితే కాగితాలు జారినట్టు. పొరల మధ్య ఉన్న జిగురు వాటిని పట్టి ఆపుతుంది. ఆ జారుడును ఎట్లా లెక్కగట్టాలన్నదే భానుశ్రీ ఇన్నేళ్లుగా చేస్తున్న పని. పాత సిద్ధాంతం ఏమంటుందంటే, పెంకు మందంలో నిలువుగా ఒక గీత గీస్తే, పెంకు వంగినప్పుడు ఆ గీత వాలుతుందే తప్ప ఎక్కడా విరగదు. గట్టి పొరలోనూ మెత్తటి పొరలోనూ ఒకే తీరున వాలుతుంది. నిజంలో అట్లా జరగదని దానికీ తెలుసు. అందుకని చివర్లో అయిదు బై ఆరు అనే సంఖ్యతో గుణించి సర్దుకుంటుంది. ఎప్పుడో ఒకే పదార్థంతో చేసిన పలకకు కట్టిన సంఖ్య అది. ఇనుప రేకుకు సరిపోతుంది. రెండు గట్టి పలకల మధ్య పరుపు దూర్చినట్టుండే ఇలాంటి పెంకుకు సరిపోదు. అందుకే పాత లెక్కతో కట్టేవాళ్లు దాన్ని పూర్తిగా నమ్మలేక, ఎందుకైనా మంచిదని మందం పెంచుకుంటూ పోతారు.

భానుశ్రీ లెక్కలో ఆ గీత ప్రతి పొర దగ్గరా విరుగుతుంది. మెత్తటి ఫోమ్‌లో ఎక్కువ వాలుతుంది, గట్టిదాంట్లో తక్కువ. ఒక పొర నుంచి ఇంకో పొరకు మారే చోట ఒత్తిడి తెగిపోకుండా అందుకుంటుంది. గాలి తగిలే రెండు ముఖాల దగ్గరా సున్నా అవుతుంది. అయిదు బై ఆరు అవసరమే లేదు. ఆ లెక్క చూసే బాహుదా కంపెనీ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. దాన్ని నమ్మే పెంకు మందం బాగా తగ్గించింది.

అయితే పాత లెక్కకు లేని పట్టింపు ఒకటి ఈ కొత్త లెక్కకు ఉంది. జారుడు విషయంలో పాతదానికి పొరలన్నీ కలిపి కెలికిన సంగటి. ముందు ఏది వేసినా ముద్ద ఒకటే. కొత్తది మాత్రం ఏ పొర ఎక్కడుందో చెప్పమంటుంది.

"పసుపు ఫోమ్ ఎండకు ఆగుతుంది," అంది భానుశ్రీ. "తెల్లది ఆగదు. వేడెక్కితే మెత్తబడుతుంది. అందుకనే తెల్లదాన్ని లోపలికి, చల్లగా ఉండే పక్కకు పెట్టినా. ఇప్పుడు అదే ఎండకు ఎదురుగా కూర్చుంది. కారు తాళం ఇయ్యి."

బయట అప్పటికే వడగాలి మొదలయింది. నడివేసవి కత్తిరి రోజులు. ధర్మేంద్ర కారులో ఏసీ పెట్టుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, భానుశ్రీ పొరల వరస తిరగేసి లెక్క మళ్లీ నడిపింది.

ముందు పొద్దుటి వేడికి. గుమ్మటం నిలబడింది. ఇసుక మూటలు మొత్తం వేసినా నిలబడింది.

తర్వాత మిట్టమధ్యాహ్నపు వేడికి. ఈసారి హైవే వైపు అంచు దగ్గర, తెల్ల ఫోమ్ పైపెంకుకు అతుక్కున్న చోట, తెర మీద ఎరుపు పాకింది. తోపు నీడ పడని వైపు అది. అక్కడ జిగురు పట్టు వదులుతుంది. ఒకచోట వదిలితే పక్కచోటికి భారం పోతుంది. అదీ వదులుతుంది.

అనుమానం తీరక పాత పద్ధతిలో కూడా నడిపింది. పొద్దున్నా మధ్యాహ్నమూ భేషుగ్గా నిలబడుతుందని చెప్పింది పాత లెక్క.

సుదర్శనానికి ఫోన్ చేసింది. ఆయన చిత్తూరులో ఏదో కాలేజీలో పరీక్షకుడిగా కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఆ వేడి దగ్గర తెల్ల ఫోమ్ ఎంత మెత్తబడుతుందో నువ్వు కొలిచావా అమ్మా?"

"లేదు సార్. అమ్మినవాళ్లు ఇచ్చిన అంకెలే."

"అంటే రుజువు లేదు."

"లేదు సార్."

"పది గంటల పరీక్ష నెగ్గుతుంది అంటున్నావు. నెగ్గిన తర్వాత నీ మాట ఎవ్వరూ వినరు. చెప్పేదేదో జాకీలు తీయకముందే చెప్పు. అవమానం అవుతుంది, అయితే అవనివ్వు. నా పేరు కూడా వాడుకో. ఇక్కడ పని తెమిలేసరికి సాయంత్రమవుతుంది, అయిపోగానే వస్తాను."

గిరిప్రసాద్ మండపం గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్లకు చేతులు జోడిస్తున్నాడు. తెల్ల చొక్కా, భుజాన కొత్త తువ్వాలు. భానుశ్రీ చెప్పిందంతా నవ్వుతూనే విన్నాడు.

"పాపా, ఒక్క మాట చెప్పు. పదింటికి జాకీలు తీస్తే నిలబడతాదా, లేదా?"

"నిలబడతాది సార్. మధ్యాన్నం నిలబడదు."

"ఓహో. పొద్దున ఆస్తికుడు, మధ్యాన్నం నాస్తికుడు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఏమప్పా ధర్మేంద్రా, మీ కంపెనీ ఏమంటాది?"

ధర్మేంద్ర నేల చూపులు చూశాడు. "అదే పొరలు సార్... వరస రవంత మారింది. ఆఫీసులో అడిగినా. పాత లెక్క ప్రకారం ఏం గాదంట."

"సార్, సాయంత్రం దాకా ఆగండి," అంది భానుశ్రీ. "లేదంటే జాకీలు తీసినా భోజనాలు మాత్రం తోపులో పెట్టండి. నేను నా సంతకం వెనక్కి తీసుకుంటాండా."

గిరిప్రసాద్ ముఖంలో నవ్వు పోయింది. "సంతకం ఏమన్నా తువ్వాలా, ఏసుకోని తీసుకునేదానికి? ముహూర్తం పెట్టింది పంతులు. మీ ఫోమ్ గాదు. మా ఇంట్లో కొత్త కప్పు కింద కూలోళ్లకు ఆకేసి, దాన్ని ఎత్తి చెట్ల కిందకు పంపించినోడు ఇంతవరకూ లేడు. నేను మొదలుపెట్టను."

ఆమె తండ్రి దగ్గరికి వెళ్లింది. చెంగయ్య దూరం నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు.

"నాయనా, ఆ కింద కూర్చోవద్దు."

"ఏమ్మే, నేను లేచిపోతే ఏమనుకుంటారు? బిడ్డ లెక్క నాయనకే నమ్మకం లేదనుకోరా?"

"నమ్మొద్దు నాయనా. తప్పయింది."

"తప్పని ఎవురు చెప్పినారు?"

"నా లెక్కే చెప్పింది."

"నీ లెక్క నమ్మొద్దని నీ లెక్కే చెప్తాందా?" చెంగయ్య తల గోక్కున్నాడు. "నాకు బుర్ర తిరగతాంది గానీ, ఇది విను. పెద్దమనిషి పిలిచి ఆకేసినాక లేచిపొయ్యేది మర్యాద గాదు. ఆయన్ని లేపు. నేనూ లేస్తా, అందరూ లేస్తారు. నేనొక్కన్ని లేస్తే ఎవురు లేస్తారు చెప్పు?"

పదింటికి మంగళవాద్యం మోగింది. జాకీలు ఒక్కొక్కటే వదిలారు. గుమ్మటం వెంట్రుకవాసి దిగింది. ఎంత దిగిందో కొలవడానికి కింద పెట్టిన డయల్ గేజ్ ముల్లు కొంచెం కదిలి ఆగింది. అనుకున్న దానికన్నా తక్కువే దిగింది. చప్పట్లు కొట్టారు. టెంకాయ కొట్టారు. ఎవరో గిరిప్రసాద్ మెడలో దండ వేశారు. పనివాళ్లు జాకీలను ట్రాక్టరులో వేసుకుని తీసుకుపోయారు.

"సూసినావా?" అన్నాడు ధర్మేంద్ర, ప్రాణం లేచొచ్చినట్టు. "నన్ను సంపేసినావు పో."

భానుశ్రీ వెనక్కి తిరిగి మేడ మెట్లెక్కింది.

గుమ్మటం చుట్టూ మనిషి నడిచేంత వెడల్పున సిమెంటు నడకదారి ఉంది. అక్కడ నిలబడితే గుమ్మటం అంచు ఛాతీ ఎత్తున అందుతుంది. ఆమె పర్సులోంచి పది రూపాయల బిళ్ల తీసి పెంకు మీద కొట్టింది. టంగుమంది. అడుగు జరిగి మళ్లీ కొట్టింది. టంగు. పొరలు అతుక్కుని ఉన్నంతసేపూ మోత కంచంలా వస్తుంది. లోపల విడిపోతే మొద్దుబారుతుంది. కాంపోజిట్ పనిచేసేవాళ్లెవరికైనా తెలిసిన పరీక్షే ఇది. ఖరీదైన యంత్రం దగ్గర లేనప్పుడు నాణెమే యంత్రం.

చుట్టూ తిరిగింది. అంతా టంగుమంది. హైవే వైపు అంచు దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, పక్కనున్న నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంది.

ఎండ ముదిరింది. బంగారు పూత మీద చేయి పెడితే చురుక్కుమంది. కింద మైకులో ఎవరో ఉపన్యాసం దంచుతున్నారు. వంటవాళ్ల పెద్ద మునిచంద్ర పంక్తికి ఆకులు పరుస్తున్నాడు.

రెండోసారి కొట్టినప్పుడు గుర్తు దగ్గర బెత్తెడు మేర మోత మారింది. డబ్. పక్కన కొడితే టంగు. మళ్లీ అక్కడే కొడితే డబ్. ఆమె దాని చుట్టూ సున్నా చుట్టింది. మూడోసారికి మొద్దు మోత సున్నా దాటి మూరెడు దూరం పోయింది. అక్కడ గీత గీసింది.

నడకదారి అంచుకు పరుగెత్తుకొచ్చి కిందికి వంగింది. "ధర్మా! గేజ్ ముల్లు యాడుండాది చూడు!"

పరీక్ష అయిపోయిందని గేజ్‌ను పట్టించుకునేవాళ్లు లేరు. దాని మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. ధర్మేంద్ర విసుక్కుంటూ వెళ్లి తువ్వాలు తీసి చూశాడు. రెండు నిమిషాల్లో మెట్ల మీద ఉన్నాడు.

"పొద్దుటి గుర్తు దాటి పోయింది భానూ. నిలబడ్లా, ఇంకా పోతానే ఉండాది. నేను సూస్తాంటేనే కదిలింది." మెట్ల వైపు తిరిగాడు. "జాకీలు మళ్లీ పెట్టిద్దామా?"

"జాకీ పట్టుకోని ఆ కిందకు పొయ్యేది ఎవురు? మూటలు దించేదానికి పైకెక్కేది ఎవురు? మనుషుల్ని బయటికి తెచ్చేది ఒక్కటే దారి. పెద్దాయన్ని పైకి తీసుకురా."

"వస్తాడా? పొద్దున అంత మాటన్నాడు."

"ఏదో ఒకటి చెప్పి తీసుకురా."

ధర్మేంద్ర కిందికి దిగాడు. వడ్డన మొదలయింది. మొదటి ఆకు ముందు చెంగయ్య, పక్కన మేస్త్రీ శాంతయ్య, ఆ వరసలో రెజిన్ పనివాళ్లు, సిమెంటు కూలీలు, గిరిప్రసాద్ చుట్టాలు. గిరిప్రసాద్ చేతిలో నెయ్యి గిన్నె. చెంగయ్య ఆకులో తనే వేస్తున్నాడు.

"సార్," అన్నాడు ధర్మేంద్ర చెవిలో. "డ్రోన్ ఫోటో తీస్తాండారు. గుమ్మటం పక్కన మీరొక్కరే, బంగారు వెలుగులో. ఒక్క నిమిషం. మళ్లీ ఈ ఎండ రాదంట."

గిరిప్రసాద్ నెయ్యి గిన్నె పక్కవాడి చేతిలో పెట్టి, దండ సర్దుకుని, మెట్లెక్కాడు.

పైన డ్రోన్ లేదు. భానుశ్రీ చేయి చాచి నాణెం ఇచ్చింది.

"ఏందిది?"

"మీరు నా మాట నమ్మబళ్లేదు సార్. ఈడ కొట్టండి." మంచి చోటు చూపించింది. ఆయన కోపంగానే కొట్టాడు. టంగు. "ఇప్పుడు ఈడ."

డబ్.

గిరిప్రసాద్ మళ్లీ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. వంగి చెవి దగ్గర పెట్టుకుని కొట్టాడు. రాయలసీమ ఎండల్లో నీళ్ల కుండ కొనేవాడెవడైనా వేలి కణుపుతో కొట్టి చూడకుండా కొనడు. ఆయనా ఎన్నో కొన్నాడు.

"పగులు కుండ మోత," అన్నాడు నెమ్మదిగా.

"ఈ సున్నా ఇందాక పెట్టింది. ఈ గీత దాని తర్వాత పెట్టింది. ఇప్పుడు గీతకు అవతల కొట్టండి."

కొట్టాడు. అవతల కూడా డబ్‌మంది. ఇద్దరూ చూస్తుండగానే పెంకు లోపలెక్కడో చీమ చిటుక్కుమన్నట్టు చిన్న శబ్దం వచ్చింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

గిరిప్రసాద్ గబగబా నడకదారి పిట్టగోడ దగ్గరికి పోయి, పొలంలో జీతగాళ్లను కేకేసిన గొంతుతో అరిచాడు.

"ఒరే మునిచంద్రా! లోపల ఉక్కగా ఉండాది! పంక్తి తోపులోకి!"

కింద గొల్లుమన్నారు. "వడ్డించినాక ఆకు లేపేది ఏంది సామీ? మంచిది గాదు!"

"ఆకుతో సహా ఎత్తుకోని పోండి! నేను వచ్చి తోపులో ముందు కూర్చుంటా! నాకన్నా ముందు ఎవురు కూర్చుంటారో సూస్తా!"

మెట్లు రెండేసి దిగాడు. హాలు గుమ్మం దగ్గర ఒక ఆకు అందుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని, దండ వేలాడుతుండగా తోపు వైపు నడిచాడు. ఇంటాయన ఆకు పట్టుకుని నడుస్తుంటే కూర్చునే అతిథి ఉండడు. చెంగయ్య లేచాడు. శాంతయ్య లేచాడు. పప్పు కారకుండా ఆకు అంచులు మడిచి పట్టుకుని, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ వరస మొత్తం కదిలింది. "ఈయన ఇంట్లో భోజనానికి కాళ్లు గూడా ఉండాలప్పా" అన్నాడెవరో. ఒక ముసలాయన చెప్పులు వెతుక్కుంటూ వెనకబడితే భానుశ్రీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ధర్మేంద్ర హాలులో మూలమూలా తిరిగి చూసి, ఎవరూ లేరని చెయ్యి ఊపుతూ ఆఖర్న బయటికొచ్చాడు.

తోపులో రెండో వడ్డన జరుగుతోంది. సాంబారు బకెట్టు సగం వరస దాటింది.

ముందు పాత దుప్పటి చించినట్టు పెద్ద శబ్దం. అది ఆగకుండా హైవే వైపు అంచు వెంట పాకింది. తర్వాత గుమ్మటం ఆ పక్క లోపలికి ముడుచుకుంది. చాలా నిదానంగా ముడుచుకున్నట్టు అనిపించింది. ఇసుక మూటలు దొర్లి ఆ సందులోంచి హాలులోకి పడ్డాయి. దుమ్ము గుమ్మంలోంచి బయటికి ఎగదన్నింది. హైవేలో ఒక లారీ బ్రేకు వేసింది.

దుమ్ము తగ్గాక ధర్మేంద్ర గుమ్మం దాకా పోయి లోపలికి చూసి వచ్చాడు. పంక్తి పరిచిన చోట ఇసుక మోకాలి ఎత్తున ఉంది. మొదటి ఆకు వేసిన చోట అంతకన్నా ఎక్కువే ఉంది. ఆ సంగతి అతను చెంగయ్యకు చెప్పలేదు.

 చెంగయ్య చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

గిరిప్రసాద్ లేచి నిలబడ్డాడు. "ఉక్క గాదు," అన్నాడు అందరికీ వినపడేట్టు. "పడిపోతాదని ఈ పాప పొద్దున్నే చెప్పింది. నేను వినలా. నవ్వినా." తువ్వాలుతో ముఖం తుడుచుకుని భానుశ్రీ వైపు తిరిగాడు. "మౌల్డు మార్చమన్నది నేను. తిరగేసి పోసింది వాళ్లు. నువ్వేం చేసినావు దీంట్లో?"

"మౌల్డు మారిందా అని నేను అడగలేదు సార్. పొరలు తిరగబడితే కొంప మునుగుతాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అడగాల్సింది నేనే. ఆ కాగితం మీద సంతకం కూడా నా ఒక్కదానిదే."

"ఆ మాట రేపు వకీలు ముందర గూడా చెప్తావా?"

"చెప్తాను."

గిరిప్రసాద్ విరిగిన గుమ్మటం వైపు చాలాసేపు చూశాడు. "బాహుదా వాళ్లతో నేను మాట్లాడతా. కప్పు మళ్లీ వేయాల. వేసేటప్పుడు ఫ్యాక్టరీలో నిలబడి ఒక్కో పొర నీ కండ్లతో సూసినాకే సంతకం పెడతావా?"

"అట్లయితేనే పెడతా. ఎండలో మూటలేసి మూడు రోజులు ఉంచినాక. అంతవరకూ కింద మనిషి అడుగు పెట్టకూడదు."

"సరే. కూర్చో. తిను ముందు."

మునిచంద్ర ఆమెకు ఆకు వేశాడు. చెంగయ్య జరిగి పక్కన చోటిచ్చాడు. భానుశ్రీ వెంటనే కూర్చోలేదు. చెట్ల కింద ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్కో ఆకునూ దాటుకుంటూ చూపు తిప్పింది. వేసిన ప్రతి ఆకు ముందూ ఒక మనిషి ఉన్నాడు.

అప్పుడు కూర్చుంది.